గరాజ్‌లో ఎనిమిదేళ్లు: సగంలో ఆగిపోయిన 1969 డాడ్జ్ చార్జర్ అమ్మకం

ఫోన్ చేసింది కారు యజమాని కాదు, ఆయన భార్య. "అన్నయ్యగారూ, వచ్చే చలికాలమైనా మా వ్యాన్ గరాజ్‌లో పెట్టుకోవాలి. ఆ బండిని ఎంతో కొంతకి పంపించెయ్యండి" అన్నారు. వెనక నుంచి ఆయన గొంతు వినపడింది: "ఎంతో కొంతకేంటి? అది ఆర్/టీ!"

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పాత అమెరికన్ కార్లు చూసి వెల కట్టడం, అమ్ముకునేవాళ్లకి దగ్గరుండి సాయం చెయ్యడం నా పని. కమిషన్ తీసుకోను, ముందే మాట్లాడుకున్న ఫీజు అంతే. కమిషన్ ఉంటే ధర గురించి నేను చెప్పే మాట మీద నాకే నమ్మకం ఉండదు. పూర్తయిన కార్లు అమ్మడం తేలిక. విప్పేసి వదిలేసిన కార్లే కష్టం, అలాంటి వాటిలో ఈ కేసు నాకు బాగా గుర్తుండిపోయింది.

యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మనవాడే. 2016లో ఇండియానాలో ఒకాయన దగ్గర 14,500 డాలర్లకి కొన్నాడు. అప్పటికి పెళ్లయి మూడేళ్లు, పాప చిన్నది, శనివారాలన్నీ ఖాళీ. మొదటి ఏడాదే కారంతా విప్పేశాడు. విప్పడానికి పట్టింది ఆరు వారాలు. తర్వాత ఉద్యోగం మారింది, రెండో బిడ్డ పుట్టాడు, టింకరింగ్ షాపువాడు పని సగంలో వదిలేశాడు. ఇలాంటి కార్లు ఆగిపోయేది డబ్బు లేక అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువ కార్లు ఆగింది విప్పినప్పుడు ఉన్న ఉత్సాహం బిగించేటప్పటికి లేకపోవడం వల్లే.

నేను వెళ్లిన రోజు గరాజ్‌లో కనిపించింది ఇది. నాలుగు స్టాండ్ల మీద బాడీ, దాని మీద బూడిద రంగు ప్రైమర్. మూలన ఇంజన్ స్టాండ్ మీద ఇంజన్, పైన చెత్త సంచీ కప్పి ఉంది. డ్యాష్‌బోర్డు ఫ్రేము గోడకి మేకుకి వేలాడుతోంది. అటక మీద, బేస్‌మెంట్‌లో, పిల్లల మంచం కింద అట్టపెట్టెలు. ఏ పెట్టె మీదా ఏం రాసి లేదు.

ముందు నేను చూసేది తుప్పు కాదు, కారు పేరు. డాడ్జ్ చార్జర్‌లో ఆర్/టీ అంటే ఖరీదైన రకం. 1969లో దానికి మామూలుగా 375 హార్స్‌పవర్ 440 మ్యాగ్నమ్ ఇంజన్ (440 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ పరిమాణం) వచ్చేది, ఎక్కువ డబ్బు పెడితే 425 హార్స్‌పవర్ 426 హెమీ. మామూలు చార్జర్లలో చిన్న ఇంజన్లు ఉండేవి. ఈ కారు వెనక ఆర్/టీ చారలు ఉండేవట, బ్యాడ్జీలు ఒక పెట్టెలో ఉన్నాయి, స్టాండ్ మీద ఉన్నది 440 ఇంజనే. యజమాని ఎనిమిదేళ్లుగా ఆర్/టీ అనే నమ్ముతున్నాడు.

గోడకి వేలాడుతున్న డ్యాష్ ఫ్రేము మీద విన్ ప్లేటు, అంటే బండి గుర్తింపు నంబరున్న రేకు, తుడిచి చదివాను. ఎక్స్‌పీ29హెచ్9బీ, ఆ తర్వాత వరుస సంఖ్య. ఎక్స్ అంటే చార్జర్. 29 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్. 9 అంటే 1969 మోడల్, బీ అంటే డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హామ్‌ట్రామ్క్ ప్లాంట్. అసలు సంగతి మిగతా రెండు అక్షరాల్లో ఉంది. ఆర్/టీ అయితే రెండో అక్షరం పీ కాదు, ఎస్ ఉండాలి. హెచ్ అంటే 383 క్యూబిక్ అంగుళాల, నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 330 హార్స్‌పవర్ ఇంజన్. ఆర్/టీలో 383 రాలేదు.

"ప్లేటు ఎవడో మార్చేసి ఉండొచ్చు కదన్నా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే బాడీ మీద కొట్టిన నంబర్లు చూశాం. ఈ కార్లకి రేడియేటర్‌ని పట్టుకునే ముందు రేకు మీద ఒకచోట, డిక్కీ రబ్బరు కూర్చునే అంచు మీద ఇంకోచోట విన్‌లోని చివరి అంకెలు గుద్ది ఉంటాయి. ప్రైమర్ కింద నుంచి పైకి రావడానికి కాసేపు పట్టింది కానీ రెండూ ప్లేటుతో కలిశాయి. అంటే కారు నిజమైనదే, తగిలించుకున్న పేరే దొంగది.

ఇంజన్ బ్లాక్ పక్కన పోతపోసిన తేదీ 1975. 1969 కారులోకి దానికంటే ఆరేళ్లు చిన్న ఇంజన్. 440ని 1978 దాకా తయారు చేశారు, పెద్ద క్రైస్లర్ సెడాన్లకీ మోటర్‌హోమ్‌లకీ కూడా వేశారు. అలాంటి దాన్నుంచే దీనికి వచ్చి ఉంటుంది.

ఆయన వరండాలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. ఇలాంటి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఓదార్చను. ఓదారిస్తే బేరానికి దిగుతారు: "మనం ఆర్/టీ అని రాయొద్దు, బ్యాడ్జీలున్న పెట్టె ఫోటో పెడదాం, చూసేవాళ్లు ఏమనుకుంటే అది అనుకోనీ" అని. ఈయనా అదే అన్నాడు. కుదరదన్నాను. నీతి సంగతి అటుంచి, ఈ కార్లు కొనేవాళ్లు రెండో అక్షరాన్ని నాకంటే త్వరగా చదువుతారు. ఒక్కచోట దాచారని తెలిస్తే మిగతా అన్నిచోట్లా దాచారనే లెక్క వేసుకుంటారు.

రెండో సమస్య టైటిల్. మన ఆర్సీ లాంటి కాగితం. ఇండియానా యజమాని సంతకం పెట్టి ఇచ్చిన టైటిల్‌ని ఈయన సొరుగులో పెట్టి మర్చిపోయాడు, తన పేరుకి మార్చుకోలేదు. "కొనేవాడికి ఇదే ఇచ్చేద్దాం" అన్నాడు. ఇలా మధ్యలో ఒకరిని దాటేసి కాగితం చేతులు మార్చడం చట్టరీత్యా తప్పు, ఇక్కడ చాలామందికి ఆ సంగతి తెలియదు. పైగా కాస్త తెలిసిన కొనుగోలుదారు అక్కడే ఆగిపోతాడు.

ఒహాయోలో టైటిల్ ఇచ్చేది కౌంటీ క్లర్క్ ఆఫ్ కోర్ట్స్ కార్యాలయం. వేరే రాష్ట్రం టైటిల్‌ని మార్చాలంటే ముందు బండి మీద విన్‌ని కళ్లతో చూసి ధ్రువీకరించాలి. మన విన్ ప్లేటు గోడ మీద వేలాడుతోంది! కాబట్టి మొదట చేసిన మెకానిక్ పని డ్యాష్ ఫ్రేముని మళ్లీ బాడీలో బిగించడం. ప్లేటు రివెట్లు కదలలేదు, పువ్వు ఆకారంలో ఉండే అసలు రివెట్లే. వాటిని ఎవరైనా ఊడదీసి ఉంటే ఈ కేసు ఇక్కడే ముగిసేది. విన్ ప్లేటు తీయడం, మార్చడం ఫెడరల్ చట్టం దాకా వెళ్లే వ్యవహారం. ఇసుక చిమ్మి రంగు, తుప్పు గీకే శాండ్ బ్లాస్టింగ్‌కి ఇచ్చే ముందు కూడా ఆ ప్లేటుని ముట్టుకోవద్దు, కప్పి ఉంచమని చెబుతాను.

కారుని ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లి చూపించి తెచ్చాం, 225 డాలర్లు. అమ్మకపు పన్ను ఎనిమిదేళ్లు ఆలస్యంగా, వెయ్యి డాలర్లకి కాస్త అటూ ఇటూ. దాంతో టైటిల్ ఆయన పేరు మీదకి వచ్చింది. ఈ వెయ్యి కట్టేటప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. 1969 కారు కాబట్టి ఓడోమీటర్ ప్రకటన, అంటే బండి ఎన్ని మైళ్లు తిరిగిందో రాసివ్వడం, ఆ గొడవ మాత్రం లేదు, 2010కీ అంతకు ముందు మోడళ్లకీ ఆ నిబంధన వర్తించదు.

ఇక అసలు పని పెట్టెలది. సగంలో ఆగిన కారు కొనేవాడికి తుప్పంటే అంత భయం ఉండదు. తుప్పు కనపడుతుంది, రేకు దొరుకుతుంది, వెల్డింగ్‌కి ఒక లెక్క ఉంటుంది. ఏ ముక్క ఉందో, ఏది లేదో తెలియకపోవడమే అతని భయం. ఈ చార్జర్ హెడ్‌లైట్లు గ్రిల్ వెనక దాక్కుంటాయి, 1968, 1969 మోడళ్లలో వాటిని తెరిచేది వ్యాక్యూమ్. దాని గొట్టాలు, మోటర్లు, లివర్లు, స్ప్రింగులు ఎన్నో చిన్న ముక్కలు. అందులో రెండు లేకపోతే వెతకడానికి నెలలు పడుతుంది. డిక్కీ నేల, క్వార్టర్ ప్యానెల్ అంటే వెనక చక్రం మీది పక్క రేకు, ఇవన్నీ కొత్తవి తయారు చేసి అమ్ముతున్నారు. చిన్న ముక్కలే దొరకవు.

రెండు వారాంతాలు కూర్చున్నాం. ఆయన, ఆయన భార్య, వాళ్ల పెద్దమ్మాయి, నేను. ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్, విడిభాగాల కేటలాగ్‌లోని బొమ్మలు టేబుల్ మీద పరిచి, ఒక్కో ముక్కని గుర్తుపట్టి జిప్ సంచిలో వేసి నంబర్ రాశాం. అమ్మాయికి తొమ్మిదేళ్లు, నాన్న కంటే వేగంగా బొమ్మతో ముక్కని కలిపేది. "అంకుల్, ఇది కుడి తలుపుదే, వంపు చూడండి" అని నన్నే దిద్దింది. 143 సంచులు తేలాయి. లేనివి 19, వాటికి విడిగా జాబితా. ఆ లేనివాటి జాబితా రాయడం ఆయనకి నచ్చలేదు. నా దృష్టిలో అమ్మకంలో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

రెండో శనివారం ఒక పాత కాఫీ డబ్బాలో మేకుల మధ్య చిన్న రేకు ముక్క దొరికింది. ఫెండర్ ట్యాగ్. ఇంజన్ పక్కన లోపలి ఫెండర్‌కి స్క్రూలతో బిగించి ఉండే రేకు చీటీ, కారు ప్లాంట్ నుంచి ఏ రంగుతో, ఏ పరికరాలతో వచ్చిందో కోడ్‌లలో చెబుతుంది. 1960ల చివరి డాడ్జ్‌కి దీనికీ, సీటు స్ప్రింగుల్లో దొరికే బిల్డ్ షీట్‌కీ (ప్లాంట్‌లో కారు తయారీకి వాడిన కాగితం) మించిన సాక్ష్యం ఉండదు. ట్యాగ్ మీది అంకెలు విన్‌తో కలిశాయి. రంగు కోడ్ బీ5, అంటే మెరిసే నీలం. మధ్యలో ఎవరో ఎరుపు వేశారు. డ్యాష్ ఫ్రేము అడుగున చూస్తే నీలం అలాగే ఉంది. ఆర్/టీ పోయినందుకు దిగులుగా ఉన్న మనిషి ఆ నీలం చూసి మొదటిసారి నవ్వాడు.

రేకు సంగతి క్లుప్తంగా చెబుతాను. డిక్కీ నేల మార్చారు, వెల్డింగ్ బాగుంది. ఎడమ క్వార్టర్ కొత్తది, సగం వెల్డింగ్ చేసి ఆపారు. కుడివైపు పుట్టీ. వెనక అద్దం చుట్టూ చట్రంలో తుప్పు, వినైల్ కప్పు ఉన్న కార్లకి ఇది పుట్టుకతో వచ్చే రోగం. కారు బరువు మోసే ముందు టోర్షన్ బార్ క్రాస్‌మెంబర్, వెనక ఫ్రేమ్ రెయిళ్లు గట్టిగా ఉన్నాయి. అవి పోయి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. యజమాని ఫోటోల కోసం మళ్లీ ఒక పూత ప్రైమర్ కొడతానన్నాడు. వద్దన్నాను. కొత్త ప్రైమర్ చూడగానే కొనేవాడు కింద ఏం దాచారా అనుకుంటాడు. దానికి బదులు కుడివైపు పుట్టీ ఉన్న చోట అరచేయంత మేర గీకించి, రేకు కనపడేలా ఫోటో తీశాం.

చక్రాలు కూడా పెట్టించాను. నాలుగు పాత స్టీలు చక్రాలు, టైర్లు, అంతా 160 డాలర్లు. స్టాండ్ల మీద ఉన్న కారుని చూసి కొనేవాడు ఇంటికెలా తీసుకెళ్లాలా అని ఆలోచిస్తాడు. దొర్లే కారుని చూస్తే ట్రైలర్ ఎవరిని అడగాలా అని ఆలోచిస్తాడు.

ధర దగ్గర నాకొక అలవాటు ఉంది. పెట్టిన ఖర్చంతా కాగితం మీద రాయమని, మడిచి జేబులో పెట్టుకోమని, అమ్మకం అయ్యేదాకా తీయొద్దని చెబుతాను. ఆయన రాసింది: కారు 14,500, ఇంజన్ మెషినింగ్, భాగాలు 5,200, రేకులు 3,100, బ్లాస్టింగ్ 1,800, టింకరింగ్ షాపుకి 7,500, క్రోమ్, సీట్ల సామాను 2,400. మొత్తం 34,500 డాలర్లు. ఆర్/టీ అనుకున్నప్పుడు ఆయన మనసులో ఉన్న ధర 45,000.

నా లెక్క వెనక నుంచి మొదలవుతుంది. ఇలాంటి కారు, అసలుది కాని 440తో, శుభ్రంగా పూర్తయితే 62,000 దాకా పలకొచ్చని నా అంచనా. అక్కడికి చేరడానికి షాపుకిస్తే బాడీ, పెయింట్ 24,000, వైరింగ్, అద్దాలు, లోపలి పని 14,000, మెకానికల్ 6,000. మొత్తం 44,000. మిగిలింది 18,000. సొంత చేత్తో చేసుకునేవాడికి కూలీ మిగులుతుంది కాబట్టి ఇంకాస్త ఇవ్వగలడు, కానీ తన రెండేళ్ల శనివారాలకి ఏదో ఒకటి మిగలాలి కదా. అడిగే ధర 26,500, కిందికి 21,000 దాటి రావద్దని అనుకున్నాం. పాత కార్లకి వెల చెప్పే హాగర్టీ ధరల పట్టికలో ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు ఉంటాయి, విప్పేసిన కారుకి అందులో చోటు లేదు. నాలుగో స్థాయి ధర చూపించి "మాదీ ఇంతే" అనేవాళ్లు నాకు నెలకొకరు తగులుతారు.

ముక్కలుగా అమ్మితే? ఆ లెక్కా వేశాం. కాగితం మీద 27,000 దాకా వచ్చింది. కానీ మంచివి మొదటి నెలలో పోతాయి, మిగతా వంద ప్యాకెట్లు కట్టి పోస్టు చెయ్యాలి, చివరికి ఎవరికీ అక్కర్లేని బాడీ అదే గరాజ్‌లో ఉంటుంది. ఆవిడ వైపు చూశాను. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ప్రకటన మార్చిలో ఇచ్చాం. డిసెంబర్‌లో మంచులో ట్రైలర్ వేసుకుని ఎవరూ రారు. మార్చికి గరాజ్ తలుపులు తెరుచుకుంటాయి, జూలైలో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో క్రైస్లర్ కార్ల పెద్ద జాతర ఉంటుంది, ఈ రకం కార్ల పిచ్చి ఉన్నవాళ్లు అప్పటికి ఏదో ఒక పని మొదలుపెట్టాలని చూస్తుంటారు. ప్రకటన మొదటి వాక్యమే "ఇది ఆర్/టీ కాదు" అని రాశాను.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఇంజన్ గురించి "రీబిల్డ్ చేసిన 440" అని రాశాను. మెషిన్ షాపు బిల్లు ఉంది, పిస్టన్లు కొత్తవి, క్రాంక్ (పిస్టన్లకి కలిసి తిరిగే ఇరుసు) బిగించి ఉంది, అది చూసి రాసేశాను. ఏప్రిల్ మొదట్లో పెన్సిల్వేనియా నుంచి ఒకాయన వచ్చాడు, అంతా చూశాడు, 25,000 అన్నాడు. చివర్లో క్రాంక్ బోల్టుకి పొడుగు పానా పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. ఆరో సిలిండర్ పైన మూత సరిగా లేక తేమ చేరి తుప్పు పట్టింది. ఆయన కోప్పడలేదు, పానా తుడిచి పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మెసేజ్ పెడితే ఒకటే జవాబు: మిగతా కారు గురించి కూడా ఇక నాకు నమ్మకం లేదు. ఆర్/టీ గురించి ఎవరికైతే పాఠం చెప్పానో ఆ యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి తిప్పి చూడని ఇంజన్ గురించి అప్పటి నుంచి నేను ఒక్క మాటా రాయను. తుప్పు పైపైనే ఉంది, నూనె పోసి రెండు రోజులు నానబెడితే తిరిగింది. ప్రకటన మార్చాం: "మెషినింగ్ అయింది, కింది భాగం బిగించాం, ఎప్పుడూ స్టార్ట్ చెయ్యలేదు, ఒక సిలిండర్ మళ్లీ చూసుకోవాలి."

మధ్యలో మామూలు మోసగాళ్లు వచ్చారు. చూడకుండానే కొంటానంటారు, ధర కంటే ఎక్కువకి క్యాషియర్ చెక్కు పంపుతానంటారు, ఎక్కువైంది రవాణావాడికి ఇవ్వమంటారు. చెక్కు దొంగదని బ్యాంకు చెప్పేలోపు మన డబ్బు వెళ్లిపోతుంది. వాళ్లకి జవాబివ్వడం కూడా దండగ.

మే నెలలో ఇండియానా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. టూల్ అండ్ డై, అంటే ఫ్యాక్టరీ అచ్చులు, పనిముట్లు తయారు చేసే పని చేసి రిటైరయ్యాడు. టార్చి, అయస్కాంతం తెచ్చుకున్నాడు. బాడీ చుట్టూ ఒకసారి తిరిగి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మా జాబితా అరగంట చదివాడు. నాలుగు సంచులు పేరు పెట్టి అడిగి విప్పించుకున్నాడు. తన దగ్గర స్టాండ్ మీద సరైన కాలం నాటి 383 ఉందట, 440 అక్కర్లేదన్నాడు. ఇంజన్ లేకుండా 20,000 అన్నాడు, 21,000 దగ్గర తెగింది.

ఇంజన్ విడగొట్టడానికి నేను ఒప్పుకున్నది అది అసలుది కాదు కాబట్టే. బ్లాక్ మీది అంకెలు విన్‌తో కలిసే ఇంజన్‌ని కారు నుంచి వేరు చెయ్యనివ్వను, ఆ రెండూ విడిపోతే మళ్లీ కలవవు. 440ని రెండు వారాల్లో దగ్గర్లోనే ఒకతను 2,800కి తీసుకున్నాడు, సిలిండర్ సంగతి చూపించే ఇచ్చాం. మొత్తం 23,800.

డబ్బు బ్యాంకులో చేతులు మారింది. ఒహాయోలో అమ్మేవాడి సంతకం నోటరీ ముందు పడాలి, బ్యాంకులో నోటరీ ఉన్నారు, అక్కడే పని అయిపోయింది. ముందే సంతకం పెట్టి ఉంచుకుందామనే వాళ్లు ఉంటారు, అలా చేస్తే ఆ టైటిల్ చెల్లదు, మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి.

ట్రైలర్ వెళ్లిపోయాక ఆయన జేబులో కాగితం తీశాడు. 34,500 కింద 23,800 రాశాడు, పన్ను, టోయింగ్, చక్రాలు, నా ఫీజు కూడా వేసుకున్నాడు. కాసేపు చూసి మళ్లీ మడిచాడు. ఆవిడ అప్పటికే గరాజ్ ఊడుస్తున్నారు.

మూడు వారాల తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు. 88వ నంబర్ సంచిలో ఎడమ హెడ్‌లైట్ తలుపు స్ప్రింగ్ లేదని. లేనివాటి జాబితాలో అది లేదు, ఉన్నట్టే రాశాం. అమ్మాయిని అడిగితే పరిగెత్తుకెళ్లి తన పెన్సిల్ పెట్టె తెచ్చింది. బాగుందని దాచుకుందట. కవరు మీద 88 అని తనే రాసి, మర్నాడు పోస్టు చేసింది.